పూల్ 10 నుంచి 30 చేసినా పొద్దున్నే టైమ్‌అవుట్లు ఆగట్లేదు, కనెక్షన్లు ఎక్కడ ఇరుక్కుంటున్నాయి?

మాదాపూర్_బ్యాకెండ్ · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు. అందుకే ఉన్నదంతా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంటికి వెళ్లి బ్లడ్ శాంపిల్ తీసుకునే ఒక సర్వీసుకి వెనకాల నడిచే అప్లికేషన్ మాది. స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్), హైబర్నేట్ (జావా కోడ్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉండే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. డేటాబేస్ మెషీన్‌కి 4 కోర్లు. అప్లికేషన్ కుబర్నెటీస్‌లో 8 పాడ్ల మీద, అంటే 8 కాపీలుగా నడుస్తుంది. రోజంతా ఏ గొడవా ఉండదు, పొద్దున 6:30 నుంచి 9 దాకా మాత్రం నరకం. డేటాబేస్ కనెక్షన్లని తెరిచి పూల్‌గా పెట్టుకుని రిక్వెస్టులకి అరువిచ్చేది హికారీ, దాని లాగ్‌లో ఒకటే మాట: కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్లు ఎదురుచూసి వదిలేశాను అని.

ఆ టైమ్‌లోనే ఎందుకో చెప్పనక్కర్లేదు, ఫాస్టింగ్ టెస్టులన్నీ అప్పుడే. షుగర్ టెస్టు కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా కూర్చున్న పెద్దవాళ్లు, గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ మా కుర్రాడు, స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. శాంపిల్ తీసుకున్నట్టు నమోదు కాకపోతే అతను తర్వాతి ఇంటికి కదల్లేడు. అక్కడా ఇంకొకరు ఖాళీ కడుపుతో ఎదురుచూస్తుంటారు. ఇది తల్చుకుంటేనే టెన్షన్.

ఇప్పటిదాకా నేను చేసినవి: ఒక్కో పాడ్‌లో పూల్ సైజు డిఫాల్ట్ 10 ఉండేది, 30 చేశాను. వెంటనే పోస్ట్‌గ్రెస్ క్లయింట్లు ఎక్కువయ్యారని కొత్త కనెక్షన్లు తిప్పికొట్టింది, దాని డిఫాల్ట్ పరిమితి 100 కదా. దాన్ని 300 చేశాను. ఇప్పుడు టైమ్‌అవుట్లు కొంచెం తగ్గాయి కానీ డేటాబేస్ సీపీయూ 95 శాతం దగ్గర నిలబడిపోతోంది, ఇంతకుముందు చిటికెలో వచ్చే క్వెరీలు కూడా సెకను తీసుకుంటున్నాయి. ఇంకో విచిత్రం, పూల్ 10 ఉన్న రోజుల్లో కూడా కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసిన ప్రతిసారీ రెండు నిమిషాల పాటు కనెక్షన్ ఎర్రర్లు వచ్చేవి. 8 పాడ్లకి 80 కనెక్షన్లే కదా, 100 దాటడం ఎలా?

పూల్ ఇంకా పెంచాలా, మెషీన్ పెద్దది తీసుకోవాలా? మేనేజర్ రెండోదానికి సిద్ధంగానే ఉన్నారు, నాకే మనసు ఒప్పట్లేదు.

పాతబస్తీ_డీబీఏ · సోమవారం రాత్రి 11:05

తమ్ముడూ, ముందు ఆ 30ని మళ్లీ 10 చెయ్. మెషీన్ మార్చే మాట తర్వాత చూద్దాం.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రాసెస్ పుడుతుంది. మైఎస్‌క్యూఎల్ అయితే థ్రెడ్‌తో సరిపెడుతుంది, ఇక్కడ అలా కాదు. నీ 8 పాడ్లు ముప్పయ్యేసి చొప్పున 240 ప్రాసెస్‌లు తెరిచి 4 కోర్ల మీదకి తోస్తున్నాయి. టిఫిన్ బండి మీద పెనం పట్టేది నాలుగు దోశలైతే ముప్పై ఆర్డర్లు ఒకేసారి తీసుకున్నంత మాత్రాన పెనం పెరగదు, ఎవరి దోశా సరిగ్గా కాలదు, అంతే. పోస్ట్‌గ్రెస్ వాళ్ల పాత లెక్క ఒకటి ఉంది, హికారీ వాళ్లు కూడా తమ పేజీలో దాన్నే చూపిస్తారు: కోర్ల సంఖ్యని రెండుతో గుణించి, డిస్కుల సంఖ్య కలుపు. నీకు 4 ఇంటు 2 ప్లస్ 1, అంటే 9. ఒకేసారి నిజంగా పని చేసే కనెక్షన్లు ఈ లెక్కకి దగ్గర్లో ఉంటేనే ఆ మెషీన్ హాయిగా నడుస్తుంది. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే, ఆ తర్వాత కొలిచి చూసుకోవాలి.

కానీ అసలు ప్రశ్న వేరే. ఆ కనెక్షన్లు పట్టుకున్నవాళ్లు పని చేస్తున్నారా, ఊరికే పట్టుకుని కూర్చున్నారా? రేపు పొద్దున 7:30కి రెండు చూడు. ఒకటి, పీజీ స్టాట్ యాక్టివిటీలో (పోస్ట్‌గ్రెస్ తన కనెక్షన్లని చూపే పట్టిక) ఏ స్టేట్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క. రెండు, హికారీ మెట్రిక్స్‌లో యాక్టివ్ ఎన్ని, ఖాళీ ఎన్ని, క్యూలో ఎన్ని. దాంతోపాటు లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని 3 సెకన్లు పెట్టు. 3 సెకన్లు దాటి ఎవరు కనెక్షన్ పట్టుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో పడుతుంది. ఆ మూడూ తెచ్చి ఇక్కడ పెట్టు.

కొండాపూర్_క్లౌడ్ · సోమవారం రాత్రి 11:20

ఇదంతా ఎందుకు, మధ్యలో పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే చాలామందికి పంచేది) పెట్టి ట్రాన్సాక్షన్ మోడ్‌లో నడిపితే అయిపోతుంది కదా? మేం అదే చేశాం. వందల క్లయింట్లు వచ్చినా డేటాబేస్ వైపు 20 కనెక్షన్లు దాటవు.

పాతబస్తీ_డీబీఏ · సోమవారం రాత్రి 11:32

పీజీబౌన్సర్ మంచిదే, నేనూ వాడతాను. కానీ ట్రాన్సాక్షన్ మోడ్‌లో అది ఒక కనెక్షన్‌ని ఒక ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి సేవ్ అయ్యే, లేదా అన్నీ రద్దయ్యే పనుల గుంపు) ముగిసే దాకా అప్పగిస్తుంది. ఆ ట్రాన్సాక్షనే ఐదు సెకన్లు తెరిచి ఉంటే క్యూ ఇక్కడి నుంచి అక్కడికి మారుతుందే తప్ప తగ్గదు. పైగా 1.21 కంటే పాత వెర్షన్ అయితే ట్రాన్సాక్షన్ మోడ్‌లో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో (ముందే సిద్ధం చేసి పెట్టుకున్న క్వెరీలు) తలనొప్పి. రోగం తెలియకుండా మందు వద్దు.

ఉప్పల్_డెవాప్స్ · మంగళవారం, అర్ధరాత్రి దాటి 12:10

డిప్లాయ్ అప్పుడు వచ్చే ఎర్రర్ల గుట్టు నేను చెప్తాను, ఇది మా దగ్గర కూడా జరిగింది.

రోలింగ్ అప్‌డేట్‌లో (పాత పాడ్లని కొన్ని కొన్నిగా కొత్తవాటితో మార్చేటప్పుడు) కుబర్నెటీస్ డిఫాల్ట్‌గా 25 శాతం పాడ్లని అదనంగా లేపుతుంది. 8లో 25 శాతం 2. అంటే కాసేపు 10 పాడ్లు. హికారీలో కనీస ఖాళీ కనెక్షన్ల సంఖ్య విడిగా చెప్పకపోతే అది పూల్ సైజుతో సమానం, కాబట్టి కొత్త పాడ్ లేవగానే పదికి పది తెరవడం మొదలుపెడుతుంది. 10 ఇంటు 10, వంద. పోస్ట్‌గ్రెస్ 100లో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెడుతుంది, మీకు మిగిలేది 97. దీనికి తోడు ఆగిపోతున్న పాత పాడ్లు ఈ లెక్కలోకి రావు, వాటికి 30 సెకన్ల దాకా గడువు ఉంటుంది, ఆ గడువంతా కనెక్షన్లు వాటి చేతిలోనే ఉంటాయి.

అందుకే పూల్ సైజు వేసుకునేటప్పుడు మామూలు రోజు లెక్క కాదు, డిప్లాయ్ నడుస్తున్న ఆ రెండు నిమిషాల లెక్క వేయాలి. రిపోర్టుల జాబ్, మైగ్రేషన్ టూల్, ఎవరో ఒకరు తెరిచి పెట్టుకున్న డీబీవర్ (డేటాబేస్ చూసే టూల్), ఇవన్నీ కూడా ఆ 97లోంచే.

మాదాపూర్_బ్యాకెండ్ · మంగళవారం ఉదయం 9:48

ఉప్పల్ అన్నా, సరిగ్గా అదే. మీరు చెప్పాక పాత డిప్లాయ్ లాగ్ తీసి చూశా, ఎర్రర్లన్నీ కొత్త పాడ్లు లేచిన నిమిషంలోనే ఉన్నాయి.

డీబీఏ అన్నా, రాత్రే పూల్ 10కి దించాను. పొద్దున 7:30 లెక్క ఇదిగో: మొత్తం 80లో 71 "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్", అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్నవి. 5 మాత్రమే యాక్టివ్. మిగతా 4 ఖాళీ. సీపీయూ 18 శాతం! డేటాబేస్ దాదాపు నిద్రపోతోంది, అప్లికేషన్ మాత్రం కనెక్షన్ లేదని ఏడుస్తోంది.

లీక్ డిటెక్షన్ ట్రేస్‌లన్నీ ఒకే మెథడ్‌ని చూపిస్తున్నాయి. శాంపిల్ తీసుకున్నారని నమోదు చేసే మెథడ్. అందులో వరసగా: విజిట్ రికార్డు తెచ్చుకుంటాం, స్టేటస్ మారుస్తాం, పేషెంట్‌కి ఎస్‌ఎంఎస్ పంపుతాం, ఎస్‌ఎంఎస్ వాళ్లిచ్చిన నంబర్ సేవ్ చేస్తాం. మెథడ్ మొత్తం మీద ట్రాన్సాక్షనల్ అనోటేషన్ ఉంది, అంటే ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్. ఎస్‌ఎంఎస్ గేట్‌వే మామూలుగా 300 మిల్లీసెకన్లలో జవాబిస్తుంది, పొద్దున పూట మాత్రం 4, 5 సెకన్లు తీసుకుంటోందని ఇవాళే చూశాను.

అమీర్‌పేట_మేడమ్ · మంగళవారం మధ్యాహ్నం 1:15

పదేళ్లుగా జావా చెప్తున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ఉదాహరణ ఇస్తాను. హైటెక్ సిటీలో ఏ ఆఫీసులోనైనా చూసే ఉంటారు, ఒకాయన ఐదో ఫ్లోర్‌లో లిఫ్ట్ తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి ఫోన్ మాట్లాడుతుంటారు. లిఫ్ట్ పాడవలేదు, కరెంటు ఉంది, మోటార్ ఖాళీగానే ఉంది. కింద లాబీలో మాత్రం నలభై మంది. మీ ఎస్‌ఎంఎస్ కాల్ చేస్తున్న పని అదే. ఇంకో నాలుగు లిఫ్టులు పెట్టినా వాటి తలుపులకీ నలుగురు చేతులు అడ్డం పెడతారు.

ఎన్ని కనెక్షన్లు కావాలో ఊహించక్కర్లేదు, గుణకారం చాలు. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు వస్తాయి, ఒక్కోటి ఎంత సేపు కనెక్షన్ పట్టుకుంటుంది, ఈ రెండూ గుణిస్తే సగటున ఒకేసారి ఎన్ని కనెక్షన్లు బయట ఉంటాయో వస్తుంది. లిటిల్ సూత్రం అంటారు, 1961లో జాన్ లిటిల్ నిరూపించారు. మీకు పొద్దున ఈ నమోదులు సెకనుకి ఎన్ని వస్తాయి?

మాదాపూర్_బ్యాకెండ్ · మంగళవారం మధ్యాహ్నం 1:22

మేడమ్, అన్ని ఊళ్లూ కలిపి పీక్‌లో సెకనుకి సుమారు 20.

అమీర్‌పేట_మేడమ్ · మంగళవారం మధ్యాహ్నం 1:40

అయితే చూడండి. గేట్‌వే 0.3 సెకన్లలో జవాబిస్తే 20 ఇంటు 0.3, ఆరు కనెక్షన్లు. ఎవరికీ ఏమీ తెలియదు, అందుకే రోజంతా బాగుంటోంది. పొద్దున 4.5 సెకన్లు అయితే 20 ఇంటు 4.5, తొంభై. మీ దగ్గర ఉన్నవి 80. తొంభై కావాల్సిన చోట ఎనభై ఉంటే క్యూ పెరుగుతూనే పోతుంది, ఎప్పటికీ తగ్గదు, ముప్పై సెకన్లు దాటినవాళ్లు టైమ్‌అవుట్ అవుతూ రాలిపోతారు.

ఇప్పుడు ఎస్‌ఎంఎస్ బయటికి తీసేయండి. రికార్డు తెచ్చి, మార్చి, కమిట్ చేయడానికి (మార్పులు ఖాయం చేయడానికి) 20 మిల్లీసెకన్లు అనుకుందాం. 20 ఇంటు 0.02. అర కనెక్షన్ కూడా కాదు! అదే మెషీన్, అదే డేటాబేస్.

పూల్ సైజు గురించి పోట్లాడేవాళ్లు రెండో అంకెని మర్చిపోతారని నా బాధ. రిక్వెస్టులు మన చేతిలో లేవు, పట్టుకునే సమయం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ట్రాన్సాక్షన్ లోపల డేటాబేస్ పని తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఎస్‌ఎంఎస్, పేమెంట్ గేట్‌వే, పీడీఎఫ్ తయారీ, ఎస్3లోకి ఫైల్ ఎక్కించడం, ఏదీ.

మియాపూర్_ఫ్రెషర్ · మంగళవారం సాయంత్రం 6:30

నేను చేరి ఆరు నెలలే అయింది, తప్పుగా అడిగితే చెప్పండి. ఎస్‌ఎంఎస్‌ని ట్రాన్సాక్షన్ లోపల పెట్టడానికి ఒక కారణం ఉంది కదా? బయట పెడితే, కమిట్ అయ్యాక ఎస్‌ఎంఎస్ పంపేలోపు పాడ్ చచ్చిపోతే ఆ పేషెంట్‌కి మెసేజ్ ఎప్పటికీ వెళ్లదు.

తార్నాక_పాతకాపు · మంగళవారం రాత్రి 8:05

బాబూ, మంచి ప్రశ్న. కానీ లోపల పెట్టినా భద్రత లేదు. ఎస్‌ఎంఎస్ వెళ్లిపోయాక కమిట్ ఫెయిలైతే? పేషెంట్ ఫోన్‌లో "మీ శాంపిల్ అందింది" అని ఉంటుంది, మన రికార్డులో ఏమీ ఉండదు. డేటాబేస్‌లో రాసినది రోల్‌బ్యాక్ (రద్దు) అవుతుంది, పంపిన ఎస్‌ఎంఎస్ అవదు.

దీనికి పాత పద్ధతి ఒకటుంది, ఔట్‌బాక్స్ టేబుల్. స్టేటస్ మార్చే ట్రాన్సాక్షన్‌లోనే "ఈ నంబర్‌కి ఈ మెసేజ్ పంపాలి" అని ఒక వరస ఇంకో టేబుల్‌లో రాస్తాం. రెండూ ఒకే కమిట్‌లో ఉంటాయి కనుక ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. విడిగా ఒక వర్కర్ ఆ టేబుల్ చదివి పంపుతుంది. పాడ్ చచ్చిపోయినా వరస అక్కడే ఉంటుంది, తర్వాత లేచినవాడు పంపుతాడు. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ (వేరేవాళ్లు లాక్ చేసిన వరసల్ని దాటేయడం) ఉంది, దానితో నాలుగు వర్కర్లు ఒకే టేబుల్ మీద పడినా ఒకే వరసని ఇద్దరు తీసుకోరు.

ఒక్క జాగ్రత్త. ఆ వర్కర్ కూడా లాక్ పట్టుకుని ఎస్‌ఎంఎస్ పంపుతూ కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తాం. ముందు "నేను తీసుకున్నాను" అని గుర్తు పెట్టి టైమ్ రాసి కమిట్ చెయ్యాలి, తర్వాత పంపాలి, తర్వాత ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో "పంపాను" అని రాయాలి. మధ్యలో ఎవరైనా చచ్చిపోతే పది నిమిషాలు దాటిన వరసల్ని మళ్లీ తీసుకోవచ్చు. అరుదుగా ఒకరికి రెండు ఎస్‌ఎంఎస్‌లు వెళ్తాయి, అసలు వెళ్లకపోవడం కంటే అది నయం.

మాదాపూర్_బ్యాకెండ్ · గురువారం ఉదయం 10:20

నిన్న ఔట్‌బాక్స్‌కి టైమ్ చాలలేదు. ముందు త్వరగా అయ్యే పని చేద్దామని ఎస్‌ఎంఎస్‌ని మెథడ్ నుంచి తీసి, కమిట్ అయ్యాక నడిచే ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్‌లో పెట్టాను. రాత్రి డిప్లాయ్ చేశాం.

పొద్దున మళ్లీ అదే కథ. టైమ్‌అవుట్లు ఏమాత్రం తగ్గలేదు. నిజంగా చేతులు ఆడలేదు. ఒక్క తేడా మాత్రం ఉంది: ఇప్పుడు "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" దాదాపు లేవు. 80లో 74 ఉత్త "ఐడిల్". హికారీ మాత్రం ప్రతి పాడ్‌లో యాక్టివ్ 10, క్యూలో 40 అంటోంది. డేటాబేస్ ఖాళీ అంటోంది, పూల్ నిండిపోయింది అంటోంది. ఎవరిని నమ్మాలి?

పాతబస్తీ_డీబీఏ · గురువారం ఉదయం 10:34

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. డేటాబేస్ దృష్టిలో ట్రాన్సాక్షన్ అయిపోయింది, ఆ కనెక్షన్ మీద ఏ పనీ లేదు. పూల్ దృష్టిలో కనెక్షన్ ఇంకా తిరిగి రాలేదు. అంటే కమిట్ చేసి కూడా ఎవరో వెనక్కి ఇవ్వట్లేదు. ఇది నా వైపు కాదు, స్ప్రింగ్ తెలిసినవాళ్లు చెప్పాలి. మేడమ్?

అమీర్‌పేట_మేడమ్ · గురువారం ఉదయం 11:10

రెండు చోట్ల ఇరుక్కుంది, రెండూ చాలామందికి తెలియనివే.

మొదటిది, ఆ లిజనర్. కమిట్ తర్వాత నడుస్తుంది అన్నంత మాత్రాన కనెక్షన్ వదిలేశాక నడుస్తుందని కాదు. స్ప్రింగ్ ముందు కమిట్ చేస్తుంది, తర్వాత ఈ లిజనర్లని అదే థ్రెడ్‌లో పిలుస్తుంది, వాళ్లందరూ అయ్యాకే కనెక్షన్ పూల్‌కి తిరిగి వెళ్తుంది. మీ ఎస్‌ఎంఎస్ అక్కడ నాలుగు సెకన్లు ఆగితే కనెక్షనూ నాలుగు సెకన్లు ఆగుతుంది.

రెండోది ఇంకా లోతుగా ఉంది. లిజనర్ తీసేసి కంట్రోలర్‌లోంచి ఎస్‌ఎంఎస్ పిలిచినా మీకు ఇదే జరిగేది. అప్లికేషన్ లేచేటప్పుడు లాగ్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అని ఒక వార్నింగ్ వస్తుంది, మనం రోజూ చూసి దాటేస్తాం. స్ప్రింగ్ బూట్‌లో అది డిఫాల్ట్‌గా ఆన్. ఆన్‌లో ఉంటే హైబర్నేట్ సెషన్ రిక్వెస్ట్ మొదలైన దగ్గర్నుంచి జవాబు వెళ్లిపోయే దాకా తెరిచే ఉంటుంది. మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్‌ని ఆ సెషన్ మూసే దాకా వదలదు. ట్రాన్సాక్షన్ ఎప్పుడో ముగిసినా సరే. మీకు కనిపించిన ఉత్త "ఐడిల్" అదే.

దాన్ని ఆఫ్ చేయండి. కానీ శుక్రవారం సాయంత్రం నేరుగా ప్రొడక్షన్‌లో చేయొద్దు, చాలా స్క్రీన్లు లేజీ ఇనిషియలైజేషన్ ఎర్రర్‌తో (సెషన్ మూశాక ఇంకా తేని డేటా అడిగితే వచ్చేది) పడిపోతాయి. ముందు టెస్టులో చేసి ఏవి పడిపోతాయో జాబితా రాసుకోండి. ఆ జాబితాయే మీ అప్లికేషన్‌లో ఎక్కడెక్కడ తెలియకుండా క్వెరీలు పోతున్నాయో చూపే మ్యాపు.

కొండాపూర్_క్లౌడ్ · గురువారం మధ్యాహ్నం 12:02

మేడమ్, దీనితో నేను పూర్తిగా ఏకీభవించను. మాది చిన్న ఇంటర్నల్ టూల్, రోజుకి వంద మంది వాడతారు, ఓపెన్ ఇన్ వ్యూ ఆన్‌లోనే ఉంది, ఏ ఇబ్బందీ లేదు. ఆఫ్ చేస్తే ప్రతి స్క్రీన్‌కీ ఏం తేవాలో విడిగా రాయాలి, ఆ పని తక్కువేం కాదు.

అమీర్‌పేట_మేడమ్ · గురువారం మధ్యాహ్నం 12:25

మీ టూల్‌కి ఉంచుకోండి, తప్పు లేదు. వంద మందికి లిఫ్ట్ తలుపు పట్టుకున్నా ఎవరూ ఆగరు. కానీ రిక్వెస్ట్ లోపల బయటి సర్వీసుని పిలిచే అప్లికేషన్‌లో మాత్రం ఇది ఆన్‌లో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే అవతలివాడు నెమ్మదించిన రోజు మన డేటాబేస్ పడిపోయినట్టు కనిపిస్తుంది, మనం మూడు వారాలు డేటాబేస్‌ని తిడుతూ కూర్చుంటాం.

మాదాపూర్_బ్యాకెండ్ · శనివారం సాయంత్రం 5:50

ఔట్‌బాక్స్ రాశాం, తార్నాక సార్ చెప్పిన మూడు అడుగుల్లోనే. టెస్టులో ఓపెన్ ఇన్ వ్యూ ఆఫ్ చేశాను. పదకొండు స్క్రీన్లు పడిపోయాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది కుర్రాళ్లు పొద్దున తెరవగానే వచ్చే "ఈ రోజు విజిట్లు" జాబితా. ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూస్తే కళ్లు తిరిగాయి. 25 విజిట్లకి 51 క్వెరీలు: జాబితాకి ఒకటి, ప్రతి విజిట్‌కి పేషెంట్ కోసం ఒకటి, టెస్టుల కోసం ఇంకొకటి. ఒక్కోటీ 2 మిల్లీసెకన్లే, అందుకే స్లో క్వెరీ లాగ్‌లో ఒక్కసారి కూడా కనిపించలేదు. ఒకే క్వెరీలో అన్నీ జాయిన్ ఫెచ్ చేసేయమంటారా?

బోడుప్పల్_జాంగో · శనివారం రాత్రి 7:15

స్లో క్వెరీ లాగ్ గురించి మీరన్నది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట. ఒక్కో క్వెరీ ఎంత సేపు అని చూస్తే ఎన్ ప్లస్ వన్ (జాబితాకి ఒక క్వెరీ, ఆపై ప్రతి వరసకీ ఇంకొకటి) ఎప్పటికీ దొరకదు, ఎన్నిసార్లు నడిచింది అనేది చూడాలి. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని కాల్స్ కాలమ్‌ని పెద్దది నుంచి చిన్నదికి పేర్చి చూడండి. పైన కూర్చున్నవి చాలావరకు ఇలాంటివే.

నేను జాంగో (పైథాన్ ఫ్రేమ్‌వర్క్) మనిషిని, మాకూ ఇదే జబ్బు. ఒక్కరే ఉండే సంబంధానికి సెలెక్ట్ రిలేటెడ్, చాలామంది ఉండే సంబంధానికి ప్రీఫెచ్ రిలేటెడ్ అని రెండు విడివిడిగా ఉన్నాయి. ఆ తేడా మీకూ పనికొస్తుంది. విజిట్‌కి పేషెంట్ ఒక్కరే, కాబట్టి జాయిన్ ఫెచ్ చేసేయండి. టెస్టులు విజిట్‌కి ఐదారు ఉంటాయి, వాటిని కూడా అదే జాయిన్‌లో తెస్తే 25 వరసలు 150 అవుతాయి, పేషెంట్ చిరునామా ఆరుసార్లు నెట్‌వర్క్ మీద వస్తుంది. దానికి బదులు ఆ 25 విజిట్ల ఐడీలూ ఇచ్చి టెస్టులన్నీ ఒకే రెండో క్వెరీలో తెచ్చుకోండి. హైబర్నేట్‌లో దీనికి బ్యాచ్ సైజు అనే సెట్టింగ్ ఉంది.

అమీర్‌పేట_మేడమ్ · శనివారం రాత్రి 7:40

సరిగ్గా చెప్పారు. ఒకటి కలుపుతాను: జాబితాకి పేజీలు ఉంటే కలెక్షన్‌ని (టెస్టుల్లా ఒక్కోదానికి చాలా ఉండేవి) జాయిన్ ఫెచ్ అసలు చేయకండి. హైబర్నేట్ మొత్తం వరసలు మెమరీలోకి తెచ్చుకుని అక్కడ పేజీ కోస్తుంది. లాగ్‌లో ఒక వార్నింగ్ మాత్రం రాస్తుంది.

పాతబస్తీ_డీబీఏ · శనివారం రాత్రి 9:10

ఆ జాబితా క్వెరీలో వేర్ కండిషన్ ఏముందో కూడా పెట్టు, ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో చూపేది) చేసి.

మాదాపూర్_బ్యాకెండ్ · శనివారం రాత్రి 9:35

కుర్రాడి ఐడీ సమానం, విజిట్ టైమ్‌ని డేట్ ఫంక్షన్‌లో పెట్టి ఇవాళ్టి తేదీతో సమానం. మొత్తం టేబుల్ సీక్వెన్షియల్ స్కాన్ అవుతోంది, అంటే ప్రతి వరసా చదువుతోంది. కుర్రాడి ఐడీ ఫారిన్ కీ (వేరే టేబుల్‌లోని వరసని చూపే కాలమ్) కదా, ఇండెక్స్ ఉంటుందనుకున్నా. విజిట్ టైమ్ మీద అయితే ఇండెక్స్ ఉంది, వాడట్లేదు.

పాతబస్తీ_డీబీఏ · శనివారం రాత్రి 9:58

మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ నుంచి వచ్చినవాళ్లందరూ ఇక్కడే పడతారు. అక్కడ ఫారిన్ కీ పెడితే ఇండెక్స్ తనే పెట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ పెట్టదు, మనమే పెట్టాలి.

రెండోది, కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టేస్తే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఇండెక్స్‌లో పేర్చి ఉన్నది విజిట్ టైమ్, నువ్వు అడుగుతున్నది దాని మీద లెక్క కట్టిన వేరే విలువ. ఇవాళ మొదలైన క్షణం నుంచి రేపు మొదలయ్యే క్షణానికి ముందు వరకు అని రెండు హద్దులు పెట్టి అడుగు. కుర్రాడి ఐడీ ముందు, విజిట్ టైమ్ తర్వాత, ఈ రెండిటికీ కలిపి ఒక ఇండెక్స్. పెట్టేటప్పుడు కాన్‌కరెంట్లీ అని రాయి, లేకపోతే ఇండెక్స్ కట్టినంత సేపూ ఆ టేబుల్‌లో ఎవరూ రాయలేరు.

ఇంకో మాట, సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే ఆ డేట్ ఫంక్షన్ నీకు తప్పు తేదీ కూడా ఇస్తోంది. మనకి పొద్దున 5:30 అయితేనే అక్కడ రోజు మారుతుంది. 5 గంటల స్లాట్ ఉంటే అది నిన్నటి జాబితాలో పడుతుంది. హద్దులు లెక్క కట్టేటప్పుడు మన టైమ్ జోన్‌లోనే కట్టు.

మాదాపూర్_బ్యాకెండ్ · శనివారం రాత్రి 10:15

అన్నా! 5 గంటల స్లాట్లు డయాలసిస్ పేషెంట్ల కోసం పోయిన నెలే పెట్టాం. "నా లిస్టులో ఆ విజిట్ కనిపించట్లేదు" అని ఇద్దరు ఫిర్యాదు చేశారు, నెట్ సమస్య అనుకుని వాళ్లకి ఫోన్లు మార్చి ఇచ్చాం. రేపు పొద్దునే వాళ్లకి ఫోన్ చేసి సారీ చెప్తాను.

మాదాపూర్_బ్యాకెండ్ · బుధవారం ఉదయం 9:30

ఆదివారం రాత్రి అన్నీ కలిపి డిప్లాయ్ చేశాం. సోమ, మంగళ, ఇవాళ, మూడు పొద్దులు చూశాను. ఒక్క టైమ్‌అవుట్ కూడా లేదు. పీక్‌లో 8 పాడ్లూ కలిపి యాక్టివ్ కనెక్షన్లు ఎప్పుడూ 8 దాటలేదు. జాబితా 51 క్వెరీల నుంచి 2కి వచ్చింది. నిన్న పొద్దున ఎస్‌ఎంఎస్ గేట్‌వే మళ్లీ 6 సెకన్లకి వెళ్లింది, ఔట్‌బాక్స్‌లో ఓ నాలుగు వందల మెసేజ్‌లు పోగయ్యాయి, పావుగంటలో వెళ్లిపోయాయి, గుమ్మాల్లో నిలబడ్డవాళ్లకి ఏమీ తెలియలేదు. పూల్ 10 నుంచి 6కి దించాను, డిప్లాయ్ టైమ్‌లో పాత పాడ్లు కలిపినా 97 దాటదు. పోస్ట్‌గ్రెస్ పరిమితి మళ్లీ 100. పెద్ద మెషీన్ అడిగిన మెయిల్ వెనక్కి తీసుకున్నాం.

ఒక్కటి మిగిలింది. ఆడిట్ లాగ్ రాసే మెథడ్ మీద రిక్వయర్స్ న్యూ (ఎప్పుడూ విడిగా కొత్త ట్రాన్సాక్షన్ తెరవమనే సెట్టింగ్) ఉంది. అసలు ట్రాన్సాక్షన్ ఫెయిలైనా ఆడిట్ మిగలాలని ఎవరో పెట్టారు. దాని వల్ల ఏమైనా ప్రమాదమా?

తార్నాక_పాతకాపు · బుధవారం ఉదయం 10:12

ప్రమాదమే. మొదటి కనెక్షన్ చేతిలో ఉండగానే రెండోది అడుగుతుంది. నీ పూల్‌లో 6 ఉన్నాయి. ఒకే క్షణంలో ఆరుగురు మొదటిది తీసుకుంటే ఆరుగురూ రెండోదాని కోసం ఒకరి వంక ఒకరు చూస్తూ నిలబడతారు, డేటాబేస్‌కి ఏ డెడ్‌లాకూ కనిపించదు, ముప్పై సెకన్లకి అందరూ పడిపోతారు. హికారీ వాళ్లు దీనికి లెక్క ఇచ్చారు: థ్రెడ్ల సంఖ్యని, ఒక్కో థ్రెడ్ ఒకేసారి పట్టుకునే కనెక్షన్లలోంచి ఒకటి తీసేసిన దానితో గుణించి, ఒకటి కలపాలి. టామ్‌క్యాట్ (స్ప్రింగ్ బూట్ లోపలి వెబ్ సర్వర్) డిఫాల్ట్ థ్రెడ్లు 200, ఒక్కోదానికి రెండు కనెక్షన్లు అంటే 201 కావాలి. అది జరిగే పని కాదు. పూల్ 10 నుంచి 6కి దించావు కాబట్టి ఇది ఇప్పుడు ఇంకా దగ్గరికి వచ్చింది, ముందు దీన్ని చూడు.

ఆడిట్‌ని అసలు ట్రాన్సాక్షన్ ముగిశాక, బయట, విడిగా రాయి. ఫెయిలైతే ఎర్రర్ పట్టుకున్న చోట రాయి.

మాదాపూర్_బ్యాకెండ్ · బుధవారం ఉదయం 10:20

ఇవాళ సాయంత్రమే తీసేస్తున్నా సార్. అప్పటిదాకా పూల్ మళ్లీ 10 చేసి ఉంచుతాను.